పళ్ళతో విన్న ఇంజను

ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు పొద్దున గిన్నెలను గోనెసంచిలో సర్దుతుంటే కిటికీలోంచి పొగ వచ్చింది. పెట్రోలులో కలిసిన ఆయిల్ కాలి వచ్చే నీలం పొగ. ఇప్పటి బండ్లకు ఆ వాసన లేదు. చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ వాసనలో ఎక్కడో మల్లెపూలు కూడా ఉండాలనిపించింది. లేవు. ఉత్త పొగే.

గల్లీ చివర, మా పక్కింటి చాచా కొడుకు తన షెడ్డులో పాత టూ స్ట్రోక్ బండిని చాలు చేస్తున్నాడని సామాను మోసే మనుషులు చెప్పారు. పాత బండ్లను బాగుచేసి షోకు ఉన్నవాళ్ళకు అమ్మడం ఇప్పుడు అతని పని. గడ్డం నెరిసిన మనిషి. చిన్నప్పుడు మా వాకిట్లో నాతో కలిసి బారాకట్ట ఆడేవాడు.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, తల నెరవడం మొదలైన తర్వాత. అంతకు ముందు నాకు తెలిసినదంతా ముక్కుతో, చెవులతో, వేళ్ళతో తెలిసిందే. అందుకే కాబోలు, ఒక పొగ వాసనకు ఆ వానాకాలమంతా మళ్ళీ ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

బాపు పూలు మోసేవాడు. తెల్లవారక ముందే పూల మార్కెట్‌కు పోయి, బండికి రెండు పక్కలా గంపలు కట్టుకుని, వాటి మీద తడి గోనెపట్టా కప్పి వచ్చేవాడు. బంతి, చామంతి, మల్లె, మరువం. శాలిబండ చుట్టుపక్కల పూల కొట్లకు, గుళ్ళకు వేసి, మిగిలినవి ఇంటికి తెస్తే అమ్మా నేనూ దండలు కట్టేవాళ్ళం. మా ఇంట్లో మల్లెలకు కూడా కొంచెం పొగ వాసన ఉండేది. వేరేవాళ్ళ ఇంట్లో ఉత్త మల్లెల వాసన వస్తే ఏదో తక్కువైనట్టు అనిపించేది నాకు.

బాపు దూరం నుంచి వస్తున్నప్పుడే బండి సప్పుడును గుర్తుపట్టేదాన్ని. నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

"ఇను బిడ్డా. అవుతల అవ్వ కారం దంచుతున్నట్టు వస్తుంది సూడు, ఒక్కతీరుగ. గది మంచి సప్పుడు. దంచుడు తప్పిందా, రోకలి రోలు అంచుకు తగిలిందా, ఇగ ఇంజను అడుగుతున్నట్టు లెక్క."

"ఏమడుగుతది బాపూ?"

"ఏమడుగుతది? నీ లెక్కనే. తినేటందుకు అడుగుతది."

ఒక ఎండాకాలం ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. చాన్నాళ్ళు మంచం మీద పెట్టి, పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. ఎదురుగా నిలబడి పెదాలు బాగా కదిపి మాట్లాడితే సగం పట్టుకునేవాడు. మిగతా సగం ఊహించుకునేవాడు. అంతకు ముందు వాకిట్లో కూర్చుని అందరినీ ఆటపట్టించే మనిషి, ఆ తర్వాత ఎవరైనా నవ్వితే తనను చూసే నవ్వారేమోనని మొహం దించుకునేవాడు.

అయినా బండి నడపడం మానలేదు. అమ్మకు అదే దిగులు. బాపు వచ్చేదాకా గడప మీదే కూర్చుని ఉండేది. పొయ్యి మీద పప్పు మాడినా లేచేది కాదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున, శాలిబండ మూల తిరుగుతుంటే వెనక నుంచి బస్సు హారన్ కొడుతూనే ఉందట. బాపు పక్కకు జరగలేదు. బస్సు ఒరుసుకుంటూ పోయింది. ఒక గంప తెగి రోడ్డు మీద పడింది. ఎవరో వచ్చి చెబితే అమ్మ చెప్పులు లేకుండా ఉరికింది, వెనకే నేను. బాపు రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు, ఏమీ కాలేదు. కానీ రోడ్డంతా బంతిపూలు నలిగి పచ్చగా పడి ఉన్నాయి. వాన నీళ్ళలో ఆ పసుపు మోరీ దాకా పారుతున్నది. అమ్మ బాపును చూడలేదు. ఆ పసుపునే చూస్తూ నిలబడింది.

తర్వాత కొద్ది రోజులకే ఇంజను పట్టేసింది. ఆయిల్ తక్కువైన ఇంజను పట్టేసే ముందు కీచుమని అరుస్తుంది. అది విని ఆపేస్తే బతుకుతుంది. ఆ అరుపు బాపుకు వినబడలేదు. బండిని తోసుకుంటూ ఇంటికొచ్చాడు. వానలో తడిసి, ముక్కు చివర నుంచి నీళ్ళు కారుతూ.

అమ్మ గట్టిగా, పెదాలు కదిపి చెప్పింది. "ఇగ చాలు. అమ్మెయ్యి."

"ఎందుకు అమ్మాలె? ఇప్పి బాగు చేస్త. చెవుడు నా చెవులకొచ్చింది గని చేతులకు రాలే."

"చేతులతోని హారన్ ఇంటవా?"

బాపు తడిసిన మొహం తుడుచుకుంటూ బండి వైపు తిరిగాడు. మాట అర్థం కాలేదేమో అనుకున్నాను. అర్థమైంది. ఆ పూట అన్నం తినలేదు.

మా గోడకు ఆనుకునే చాచా వాళ్ళ ఇల్లు. ఆయనకు సైకిళ్ళు బాగుచేసే దుకాణం ఉండేది. బాపుకూ ఆయనకూ పొద్దున చాయ్ దగ్గర నుంచి ఒకరినొకరు తిట్టుకోనిదే గడిచేది కాదు. లొల్లి విని ఆయన వచ్చి మధ్యలో కూర్చున్నాడు. చివరకు ఒక మాట తెగింది. బాపు తన చేతులతోనే ఇంజను విప్పి కడతాడు. మెకానిక్ చెయ్యి పడొద్దు. కట్టిన ఇంజను సప్పుడులో ఏ తప్పూ లేకుంటే బండి బాపుదే, అమ్మ ఇంక నోరెత్తదు. తప్పుంటే బండి అమ్మేస్తారు, బాపు నోరెత్తడు.

"మరి తప్పుందో లేదో ఎవరు చెప్తరు భాయ్?" అన్నాడు చాచా. "నీకు ఇనవడదు. భాబీ ఎట్లన్నా తప్పే అంటది. నేనంటవా, నాకు సైకిల్ బెల్లు తప్ప ఏం తెల్వది."

బాపు అందరి మొహాలూ చూసి నన్ను చూపించాడు. "గీ పోరి చెప్తది. మీరంత నా మొకం చూసి చెప్తరు. ఇది సప్పుడు ఇని చెప్తది."

నాకు గొప్పగా అనిపించింది ఆ రోజు. ఎంత గొప్ప అంటే, చాచా కొడుకును పిలిచి, "నువ్వు ఇగ నాతోని మర్యాదగ మాట్లాడాలె" అని చెప్పాను.

వసారాలో అమ్మ పాత చీర పరిచి దాని మీద ఇంజను విప్పాడు బాపు. వాన తెరిపి ఇచ్చేది కాదు. షాబాదు బండలు చెమ్మపట్టి కాళ్ళకు అంటుకునేవి. రేషను మీద వచ్చిన గాసునూనె, అదే కిరసనాయిలు, అంతా సామాన్లు కడగడానికే పోయింది. అమ్మ పుల్లలతో వంట చేస్తూ దగ్గుతూ గొణుగుతుండేది. ఆ సీజనంతా మాకు కూరలో, మంచినీళ్ళలో, తల దిండులో గాసునూనె వాసనే. నేను బొచ్చెలో నూనె పోసుకుని నట్లు, పళ్ళచక్రాలు కడిగేదాన్ని. పిస్టన్ నెత్తి మీద పేరుకున్న మసిని వెదురు చెక్కతో గీకేదాన్ని. ఆ మసిని కాటుకలాగా పెట్టుకుంటే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

బోరింగుకు, అంటే అరిగిన లోపలి గోడను మళ్ళీ నున్నగా తొలిపించడానికి, పంపే ముందు సిలిండర్‌ను నా చేతికిచ్చాడు. దాని చుట్టూ పొరలు పొరలుగా ఇనుప రెక్కలుంటాయి, వేడి పోవడానికి. ఆ రెక్కల మధ్య ఇరికించి చిన్న చిన్న నల్ల రబ్బరు ముక్కలున్నాయి.

"గవి పీకి గూట్లె పెట్టు. నూనెల వేస్తే ఉబ్బుతయి."

పీకి గోడ గూట్లో పెట్టాను. చాచా సిలిండర్‌ను సంచిలో వేసుకుని సైకిల్ మీద కార్వాన్‌లో లేతు మిషను ఉన్నవాళ్ళ దగ్గరికి తీసుకుపోయాడు.

"భాయ్, మల్ల బిగించినంక ఒక్క నట్టు మిగిలినా నాకియ్యి. మా సైకిళ్ళకు పనికొస్తది," అన్నాడు పోతూ.

బాపు ఆయన పెదాలు చదివాడు. "నీ సైకిళ్ళు నట్ల మీద నడుస్తయా? దువా మీద నడుస్తయి!"

జ్వరం తర్వాత బాపు చేసిన మొదటి పరాచికం అది. లోపల అమ్మ పిండి కలుపుతూ చెయ్యి ఆపింది. నవ్వలేదు గానీ చెయ్యి ఆపింది.

బాపుకూ నాకూ ఒక భాష పుట్టింది అప్పుడే. ఆయన ఇరుసును చేత్తో తిప్పుతుంటే నేను ఆయన మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాకు వినబడినది వాయించేదాన్ని. ఒక్కతీరుగా తడితే బాగున్నట్టు. గోటితో గీరితే ఒరుసుకుంటున్నట్టు. వేలు మడిచి మొటికతో కొడితే ఏదో తగులుతున్నట్టు. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. వినేవాడనే అనాలి, ఇంకో మాట లేదు దానికి.

ఆయనకు ఇంకో ఉపాయం కూడా ఉండేది. స్క్రూడ్రైవర్ మొనను ఇంజను మీద ఆనించి, కర్ర పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టేవాడు. సప్పుడు ఎముకల్లోంచి లోపలికి వస్తుందట. నేనూ కరిచి చూశాను. నాకు గ్రీజు రుచి తప్ప ఏమీ తెలియలేదు.

బేరింగు ఎక్కించడం మాత్రం ఆయన ఒక్కడి వల్ల కాలేదు. ఇంజను డొప్పను బాగా వేడి చేయాలి, అప్పుడు దాని గూడు కొంచెం వెడల్పవుతుంది. బేరింగును ఐసులో పెట్టాలి, అది కొంచెం ముడుచుకుంటుంది. వేడి తక్కువైతే కూర్చోదు, ఎక్కువైతే డొప్ప పాడవుతుంది. జొన్నరొట్టెల పెనం మీద డొప్ప పెట్టి బాపు పొయ్యి ముందు గొంతుకూర్చున్నాడు. చాచీ పంపిన ఖిచిడీ, ఖట్టా పక్కన చల్లారిపోతున్నాయి. ఇంక సరిపోయిందని ఆయన పటకారు తీయబోతే, అమ్మ వచ్చి వేళ్ళు తడుపుకుని డొప్ప మీద నీళ్ళు చిలకరించింది.

"కాలే ఇంక. నీళ్ళు ఉర్కుతలేవు."

కాసేపటికి మళ్ళీ చిలకరించింది. ఈసారి చుక్కలు ముత్యాల్లా దొర్లి ఎగిరి పడ్డాయి.

"ఇగ వెయ్యి."

ఐసులోంచి తీసిన బేరింగును వదిలాడు. టక్కున కూర్చుంది. నేను ఆయన మణికట్టు మీద ఒక్కసారి తట్టాను. ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ అప్పటికే అటు తిరిగి పొయ్యిలో పుల్ల ఎగదోస్తున్నది. తర్వాత ఎన్నాళ్ళో మా రొట్టెలకు ఇంజను వాసన వచ్చింది.

పిస్టన్ రింగులకు కూడా అంతే. గాజుల్లా పెళుసుగా ఉంటాయి. బాపు మొరటు వేళ్ళకు ఒకటి పుటుక్కున విరిగింది. మళ్ళీ తెచ్చాక అమ్మ లాక్కుంది. "గాజులు తొడిగినట్టు తొడగాలె. బలంతోని గాదు," అంటూ నూనె రాసి, రెండు బొటనవేళ్ళతో మెల్లగా విప్పి జార్చింది. బండి పోవాలని కోరుకున్న మనిషే ఆ పని చేసింది. చేస్తున్నంతసేపూ మొహం గంటు పెట్టుకునే ఉంది.

ఇంజనును ఒకసారి బండికి ఎక్కించి చూసిన రోజు, ప్లగ్గు వైరు ఊడి ఉంటే, చాచా కొడుకును పిలిచి, "గీ తీగ పట్టుకో, నీకు మెకానిక్ పని నేర్పుత," అని చెప్పి కిక్కు కొట్టాను. వాడు గోడ దాకా ఎగిరిపడ్డాడు. చాచీ బయటికొచ్చి, "యా అల్లా! గీ పోరి నా కొడుకు పానం తీసేటట్టుంది!" అని నన్ను గల్లీ అంతా తరిమింది. దొరకలేదు నేను. రాత్రికి అమ్మ చేతిలో దొరికాను.

అమ్మకు ఇంకో గొడవ ఉండేది. బండలు ఎగుడుదిగుడుగా ఉండి మా చెక్క అల్మారా కుంటేది. తలుపు తీస్తే మీద పడుతుందేమో అన్నట్టు ఊగేది. "ఇంజనుకు చేస్తున్న సేవల ఒక వీసమెత్తు నా అల్మారకు చెయ్యరాదా?" అని బాపును సాధించేది. ఆయన పెదాల వైపు చూడకుండా తప్పించుకునేవాడు. చెవిటితనం వల్ల ఆయనకు కలిగిన లాభం అదొక్కటే.

బతుకమ్మ పండగ దగ్గర పడింది. ఆ రోజుల్లో పూలకు ఉండే గిరాకీ మళ్ళీ ఏడాదంతా ఉండదు. బాపు తొందరపడ్డాడు. లోపలి సామానంతా ఒకటికి పదిసార్లు చూసుకుని, చీర మీద ఏమీ మిగలకుండా బిగించాడు. చాచాకు ఇవ్వడానికి ఒక్క నట్టు కూడా మిగల్లేదు.

ఒక పొద్దున వాన ఆగింది. బండిని వాకిట్లో నిలబెట్టాడు. చాచా వచ్చాడు, చాచీ గోడ మీద నుంచి తొంగి చూసింది, గల్లీ పిల్లలంతా చేరారు. అమ్మ గడప దాటి రాలేదు. బాపు కిక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బండి దగ్గి ఊరుకుంది. చొక్కా వీపుకు అంటుకుపోయేదాకా కొట్టాడు. అప్పుడు ఒక్కసారిగా అందుకుంది. నీలం పొగ వాకిలంతా నిండి, గడపలో ఉన్న అమ్మ కనబడకుండా పోయింది. పిల్లలు కేకలేశారు. "షాబాష్ భాయ్! షాబాష్!" అని చాచా బాపు భుజాలు పట్టి ఊపేశాడు.

బాపు స్క్రూడ్రైవర్ తీసి ఇంజను మీద ఆనించి పళ్ళతో కరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అట్లాగే వంగి ఉన్నాడు. తర్వాత ఆయన మొహం విచ్చుకుంది. జ్వరం రాకముందు మొహం అది.

"లోపల మంచిగుంది," అన్నాడు. "మస్తుంది." చెయ్యి చాచి నన్ను పిలిచాడు. "రా బిడ్డా. చెప్పు."

ఆయన మణికట్టు మీద వేళ్ళు పెట్టాను. దంచుడు సప్పుడు వచ్చింది, ఒక్కతీరుగా, కారం దంచినట్టే. దాన్ని వాయించాను. కానీ దాని మీద ఇంకో సప్పుడు ఉంది. గణగణమని. పగిలిన ఇత్తడి చెంబును గోటితో కొట్టినట్టు. ఆ బండికి మునుపెన్నడూ లేదు అది. నేను పుట్టినప్పటి నుంచీ విన్న బండి. నాకు తెలుసు.

నా వేళ్ళు ఆగాయి. బాపు నా కళ్ళలోకి చూశాడు. చాచా అటు నుంచి మంచిగుందని చెప్పమన్నట్టు తల ఊపుతున్నాడు. నేను మొటికతో కొట్టాను.

"మల్ల ఇను," అన్నాడు బాపు.

హ్యాండిల్ తిప్పి రేజు పెంచాడు. గణగణ పెరిగింది. మళ్ళీ కొట్టాను. ఎక్కడ అని కళ్ళతో అడిగాడు. సిలిండర్ వైపు చూపించాను. అది అక్కడి నుంచే వస్తున్నది.

"అరె, చిన్నపిల్ల! దానికేం తెలుసు భాయ్?" అన్నాడు చాచా. బాపు ఆయన వైపు చూడలేదు. ఇంకోసారి పళ్ళతో వినలేదు కూడా. వంగి పెట్రోలు నల్లా మూసేశాడు. తాళం తిప్పి ఆపలేదు. లోపల మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా బండి నడిచింది. తర్వాత తడబడింది, ఆగింది. అంతవరకూ ట్యాంకు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"నా పండ్లు అబద్ధం చెప్పినయి," అన్నాడు. మళ్ళీ విప్పుతాడేమో అనుకున్నాను. విప్పలేదు. చేతులు కడుక్కున్నాడు.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగకో, దేనికో. "రొట్టె తింటవా?" అని అడిగింది, ఆయనకు వినబడదని తెలిసీ మెల్లగా.

పండగ ముందే ఎవరో వచ్చి బండిని తీసుకుపోయారు. చాలు చేసి నడుపుకుంటూ పోతుంటే నేను చెవులు మూసుకున్నాను. బాపు లోపల కూర్చుని దండ కడుతున్నాడు. అప్పటి నుంచి మార్కెట్‌కు అమ్మే పోయింది. చీకటి ఉండగానే లేచి, పూలమూట నెత్తిన పెట్టుకుని, షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చేది. ఆమె నడుము ఆ మూటల కిందే వంగిపోయింది. బాపు చాలా ఏళ్ళు బతికాడు. ఏ బస్సు కిందా పడలేదు. వాకిట్లో కూర్చుని దండలు కట్టాడు. ఆయన చేతులు ఉత్త పూల వాసన వచ్చేవి. నాకది నచ్చేది కాదు. సాయంత్రాలు స్క్రూడ్రైవర్ మొనను రేడియో డబ్బాకు ఆనించి పిడిని కరిచి పట్టుకునేవాడు. ఏం వినబడేదో ఎప్పుడూ చెప్పలేదు. పళ్ళు ఊడిపోయాక అది కూడా మానేశాడు.

ముందు ఆయన పోయాడు, తర్వాత అమ్మ.

పొగ వచ్చిన రోజునే, మధ్యాహ్నం, మనుషులు చెక్క అల్మారాను లేపారు. దాని ముందు కాళ్ళ కింద చిన్న నల్ల ముక్కలు బండకు అతుక్కుని ఉన్నాయి. "చెత్త అమ్మా, పారెయ్యాల్నా?" అని ఒకతను కాలితో తోయబోతే ఆపాను. వంగి గోటితో పీకాను. నలిగి, పలచబడి, రాయిలా గట్టిపడ్డాయి. అయినా వేళ్ళకు తెలిసింది. వాటిని నేనే పీకి గూట్లో పెట్టాను.

కొంగులో వేసుకుని గల్లీ చివరకు పోయాను. చాచా కొడుకు చేతులు తుడుచుకుంటూ లేచాడు. "ఆవో అక్కా. మల్ల ఏదన్న తీగ పట్టుకోమంటవా ఏంది?"

ముక్కలు చూపించాను. వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇవి రెక్కల నడుమ పెట్టే రబ్బర్లు గద. పాతయి మస్తు."

"ఇవి లేకుంటే?"

"రెక్కలు గణగణ మోగుతయి. గంతే."

"ఇంజనుకు?"

"ఇంజనుకేమైతది అక్కా? ఏం గాదు. బయటి సప్పుడే."

అతని బండికి ఉన్న రబ్బర్లు తీసి ఒక్కసారి చాలు చేయమన్నాను. ఎందుకని అడగలేదు. తీసి కిక్కు కొట్టాడు. పొగ లేచింది. దంచుడు సప్పుడు, దాని మీద గణగణ. పగిలిన ఇత్తడి చెంబు. అదే.

నేను విన్నది నిజమే. చెప్పిందీ నిజమే. మా వేళ్ళ భాషలో లోపలి సప్పుడుకూ బయటి సప్పుడుకూ వేరు వేరు గుర్తులు లేవు. బాపు పళ్ళు అబద్ధం చెప్పలేదు. ఇంజను ఏ తప్పూ లేకుండా కట్టాడు. ఆ మాట ఆయనకు చెబుదామంటే ఇప్పుడు ఆయన లేడు.

బిగించే తొందరలో బాపూ నేనూ మరిచిపోయిన ముక్కలను గూట్లోంచి తీసి అల్మారా కింద పెట్టింది అమ్మే. బాపు బాగుచేయని కుంటును తనే బాగుచేసుకుంది. అవేమిటో తెలియక పెట్టిందా, తెలిసే పెట్టిందా? రింగులు తొడిగిన చేతులు ఆమెవి. రోడ్డు మీద నలిగిన బంతిపూలను చూసిన కళ్ళూ ఆమెవే. అడగడానికి ఆమె కూడా లేదు.

చాచా కొడుకు నా చెయ్యి వైపు చూస్తున్నాడు. చూసుకుంటే, నా వేళ్ళు నా మణికట్టు మీదే వాయిస్తున్నాయి.

కొత్త ఇంట్లో గచ్చు సమంగా ఉంది. అల్మారా కుంటడం లేదు. ఆ ముక్కలు వంటింటి అరలో ఒక గిన్నెలో ఉన్నాయి, వాటికి అక్కడ పనేమీ లేదు.